ఎండలో ప్లాస్టిక్ పొర ఏల పొడియగును?

ప్లాస్టిక్ పొర నేడు మన వ్యవసాయమున నాగలి, కొడవలి వలెనే ఒక పనిముట్టయినది. గుంటూరు సీమలో మిరప కల్లములందు కాయలు ఆరబోయుటకును, అకాల వర్షము వచ్చినప్పుడు ధాన్యపు రాసులపై కప్పుటకును టార్పాలిన్ పట్టలు కావలెను. మదనపల్లె ప్రాంతమున టమాటా బోదెలపై మల్చింగు పొర పరచుచున్నారు. అనంతపురము వంటి మెట్ట జిల్లాలలో నీరు ఇంకిపోకుండ సేద్యపు కుంట అడుగున పొర పరచు రైతులు కలరు. పూలు, కూరగాయలు పండించు పాలీహౌసులకు పైకప్పు కూడ పాలిథీను పొరయే.

ఈ పొరలన్నిటికిని ఎండ ఉమ్మడి శత్రువు. కొన్న నాడు తోలు వలె సాగిన పట్ట కొంత కాలమునకు పాపడము వలె విరిగిపోవుచున్నది. కుళ్లిపోయినదని కొందరును, వేడికి మాడిపోయినదని కొందరును అందురు. ఈ రెండును సరి కావు. ఇచట జరుగునది వేరొక క్రియ. దానిని తెలిసికొన్నచో ఎట్టి పొర కొనవలెనో, ఎట్లు కాపాడుకొనవలెనో, ఎప్పుడు తీసివేయవలెనో గ్రామ పంచాయతీ సభ్యులు తమ రైతులకు చెప్పగలరు. అందుకొరకే ఈ విషయమును కొంత వివరముగా చెప్పదలచితిమి.

ముందుగా ఒక్క మాటను గుర్తుంచుకొనవలెను. ఎండ పొర బలమును హరించును గాని పొరను హరింపదు. బలము పోవుటచే రైతునకు ధననష్టము కలుగుచున్నది. పొర పోకపోవుటచే పొలమునకు నష్టము కలుగుచున్నది. ఈ వ్యాసమున చెప్పబోవు సంగతులన్నియు ఈ రెండు నష్టములకు సంబంధించినవే.

కంటికి కనబడని వెలుగు

సూర్యకాంతిలో మన కంటికి కనబడు ఏడు రంగులేగాక కనబడని కిరణములును కలవు. 1801లో జర్మనీ దేశమున యోహాన్ విల్హెల్మ్ రిట్టర్ అను శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజు పట్టకము గుండ రంగులుగా విడదీసి, వెలుగునకు నల్లబడు వెండి లవణమును ఒక్కొక్క రంగునందును ఉంచి పరీక్షించెను. ఊదారంగునకు అవతల, ఏ వెలుగును కనబడని చోట, ఆ లవణము అన్నిటికంటె త్వరగా నల్లబడెను. ఆ కనబడని కిరణములనే నేడు అతినీలలోహిత కిరణములని పిలుచుచున్నాము.

వెలుగు అలల రూపమున ప్రసరించును. ఆ అలల పొడవును నానోమీటర్లలో కొలుతురు. మీటరులో వంద కోట్లవ వంతు ఒక నానోమీటరు. కంటికి కనబడు ఊదారంగు సుమారు 400 నానోమీటర్ల యొద్ద అంతమగును. దానికంటె పొట్టి అలలు అతినీలలోహిత కిరణములు. వీనిలో మిక్కిలి పొట్టివైన వానిని ఆకాశమున ఎత్తుననున్న ఓజోను పొర అడ్డగించుచున్నది. సుమారు 290 నుండి 400 నానోమీటర్ల వరకు గలవి నేలను చేరుచున్నవి. భూమిపై పడు సూర్యశక్తిలో వీని పాలు స్వల్పమే. కాని పొరను చెరచుటలో ప్రధాన పాత్ర వీనిదే.

అల ఎంత పొట్టిదైన ఆ కిరణపు ఒక్కొక్క కణిక అంత బలముగలది. 300 నానోమీటర్ల కిరణపు కణికకు రెండు కర్బన పరమాణువుల నడుమ నున్న లంకెను తెంచజాలినంత బలము కలదు. ఎర్రని వెలుగు కణిక బలము అందులో సుమారు సగము మాత్రమే. వేయి మంది పిల్లలు ఒకరి తరువాత ఒకరు తోసినను కదలని బండను ఒక బలశాలి కదల్చగలడు. అటులనే ఎర్రని వెలుగు ఎంత సేపు పడినను తెగని లంకె అతినీలలోహిత కణిక ఒక్కటి తగిలినను తెగవచ్చును.

పొర లోపలి కట్టడము

పాలిథీను ఇంగ్లండు దేశమున చెషైర్ మండలములోని ఒక రసాయనశాలలో 1933 మార్చి నెలలో యాదృచ్ఛికముగా కనుగొనబడినది. ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ అను ఇద్దరు ఇథిలీను వాయువును గొప్ప ఒత్తిడికి లోను చేయగా, పాత్రలో మైనము వంటి తెల్లని పదార్థము మిగిలినది. 1939 నాటికి దాని ఉత్పత్తి ఆరంభమైనది. 1948లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయమున ఇ. ఎం. ఎమర్ట్ అను ఆచార్యుడు ఖరీదైన గాజునకు బదులు పలుచని పొరను కప్పి మొక్కల ఇల్లు కట్టెను. నేటి పాలీహౌసులకు అది మార్గదర్శి.

పాలిథీను కర్బన పరమాణువుల పొడవాటి గొలుసులతో ఏర్పడినది. ఒక్కొక్క గొలుసులో వేలకొలది పరమాణువులు వరుసగా కూర్చబడియుండును. పొరలో ఈ గొలుసులు రెండు విధములుగా అమరును. కొన్ని చోట్ల మడత పెట్టి పేర్చిన చీరల వలె ఒద్దికగా ఒకదానిపై నొకటి చేరి గట్టి దిమ్మెలుగా నుండును. ఆ దిమ్మెల నడుమ చిక్కుపడిన నూలు వలె వదులుగా నుండును. ఒకే గొలుసు ఒక దిమ్మెలో మొదలై, వదులుగా నున్న భాగమును దాటి, మరియొక దిమ్మెలో చేరుటయు కలదు. ఇట్టి గొలుసులే దిమ్మెను దిమ్మెతో కట్టి ఉంచు తాళ్లు.

కొత్త పొరను లాగినప్పుడు తెగక సాగుటకు కారణము ఈ తాళ్లే. లాగినకొలది వదులు భాగములోని చిక్కు విడి గొలుసులు నిలువుగా సాగును. తాళ్లు దిమ్మెలను విడిపోకుండ పట్టియుంచును. అందుచే పొర బ్రతుకు ఈ తాళ్లపై ఆధారపడియున్నదని చెప్పవచ్చును.

గొలుసు తెగు విధము

స్వచ్ఛమైన పాలిథీను నేలను చేరు అతినీలలోహిత కిరణములను దాదాపుగా పీల్చుకొనదు. అటులైన ఎండకు ఏల చెడుచున్నది? కర్మాగారమున పాలిథీనును కరగించి పొరగా సాగదీయునప్పుడు ఆ వేడికి గాలిలోని ప్రాణవాయువు అచటచట గొలుసులకు అంటుకొనును. పాలిథీను తయారీకి వాడిన మందుల అవశేషములును కొన్ని మిగిలియుండును. ఇవి పొరలోని దోషస్థానములు. కిరణములను పీల్చుకొనునవి ఇవియే. నష్టము ఇచటనే మొదలగును.

కిరణము తగిలి లంకె తెగిన చోట గొలుసు కొన చేయి చాచినట్లు పొత్తు కొరకు వెదకును. ప్రాణవాయువు వచ్చి దానితో చేరును. ఆ జంట ప్రక్కనున్న గొలుసునుండి ఒక ఉదజని పరమాణువును లాగికొనును. దానితో ప్రక్క గొలుసును చెడును. ఈ క్రియలో పెరాక్సైడు అను క్రొత్త దోషస్థానము ఏర్పడును. అదియును కిరణము తగిలినప్పుడు తెగును. ఈ విధముగా ఒకటి రెండై, రెండు నాలుగై దోషములు వృద్ధి చెందును. గడ్డివామికి నిప్పురవ్వ అంటుకొన్న తీరు ఇట్టిదే. కావుననే పొర చాల కాలము చెక్కుచెదరనట్లు కనబడి, పిదప కొద్ది దినములలోనే చెడిపోయినట్లు తోచును. నిజమునకు లోపలి నష్టము మొదటి దినమునుండియే జరుగుచుండును.

ప్రాణవాయువు గట్టి దిమ్మెలలో చొరబడజాలదు. వదులు భాగమున మాత్రమే సంచరింపగలదు. అందుచే మొదట తెగునవి దిమ్మెలను కలిపియుంచు తాళ్లే. తెగిన చిన్న ముక్కలు స్వేచ్ఛ పొంది, సమీపమున నున్న దిమ్మెలపై పేరుకొనును. పొర లోలోపల కుదించుకొని మరింత గట్టిపడును. పైభాగమున సన్నని బీటలు పుట్టును. గట్టిపడుట బలము పెరుగుట కాదు. పచ్చి మట్ట వంగును, ఎండిన మట్ట విరుగును. అటులనే సాగు గుణము పోయిన పొర చిన్న గాలికే చిరిగిపోవును.

వేడి ఒంటరిగా ఇంతటి పని చేయదు గాని ఈ క్రియను వేగిరపరచును. మన దేశమున ఎండ తీవ్రమేగాక వేడియు హెచ్చు. మన ప్రాంతమున నేలపై పడు సూర్యశక్తి ఇంగ్లండు దేశమున పడుదానికి దాదాపు రెట్టింపు. అందుచే చల్లని దేశముల లెక్కప్రకారము వ్రాసిన ఆయుర్దాయము మన పొలములలో చెల్లదు.

ఎరువుల బస్తాల సంచులు కొన్ని పాలీప్రొపిలీను అను వేరొక ప్లాస్టిక్ దారముతో నేయబడును. దాని గొలుసులలో ఎడనెడ ఒక కొమ్మ ఉండును. ఆ కొమ్మ మొదలున నున్న ఉదజని సులభముగా ఊడివచ్చును. కాబట్టి రక్షక మందు లేని పాలీప్రొపిలీను సంచి పాలిథీనుకంటె త్వరగా చెడును. దొడ్డి కంచెకు కట్టిన పాత సంచులు ముట్టుకొన్నంతనే పీచుపీచుగా రాలిపోవుట మన గ్రామస్థులకు కొత్త కాదు.

నల్లరంగు ఏల?

బిందు సేద్యపు గొట్టములును, కుంటలలో పరచు పొరలును తరచుగా నల్లగా నుండుట సభ్యులు గమనించియే యుందురు. అది సొగసు కొరకు వేసిన రంగు కాదు. అందు నూటికి సుమారు 2 నుండి 3 పాళ్లు మిక్కిలి మెత్తని మసిపొడి కలిపియుందురు. ఆ పొడి అతినీలలోహిత కిరణములను తానే పీల్చుకొని గొలుసులను కాపాడును. పొడి సమముగా కలిసిననే రక్షణ కలుగును. రంగు నల్లనైనంత మాత్రమున మంచి పొర యని నమ్మరాదు.

పాలీహౌసు పైకప్పునకు వెలుగు రావలెను గనుక మసిపొడి పనికిరాదు. అట్టి వానికి రెండు విధములైన మందులు కలుపుదురు. మొదటి జాతి మందు కిరణమును పీల్చుకొని వేడిగా మార్చి విడిచిపెట్టును. రెండవ జాతి అమీను మందులు. ఇవి 1970 తరువాతి దశాబ్దమున వాడుకలోనికి వచ్చినవి. తెగిన గొలుసు కొన ప్రక్క గొలుసును చెరపకముందే ఇవి దానిని పట్టుకొని శాంతింపజేయును. సరుకుపై "యు.వి. స్టెబిలైజ్డ్" అని వ్రాయుటకు అర్థము ఇట్టి రక్షక మందు కలిపినారనియే. మందు లేని పలుచని పొర మన ఎండలో కొన్ని మాసములకే పెళుసుబారును. తగిన మందు గల 200 మైక్రానుల పాలీహౌసు పొర సాధారణముగా మూడేండ్ల వరకు పనిచేయును. ఒక మైక్రాను మిల్లీమీటరులో వెయ్యవ వంతు.

ఈ అమీను మందులకు గంధకము, క్లోరిను పడవు. బూడిద తెగులు నివారణకై పాలీహౌసులలో గంధకము వాడుట కలదు. గంధకము వాడినకొలది పైకప్పు ఆయుర్దాయము తగ్గును. తెగులు నివారింపక తప్పదు గాని, ఉద్యాన శాఖవారిని సంప్రదించి పైకప్పునకు హాని చేయని మందు గలదేమో తెలిసికొనుట మేలు. అటులనే ఎండకు కాలిన ఇనుప గొట్టము తగులు చోట పొర మొదట తెగును. గొట్టముపై తెల్లని రంగు పూసిన వేడి తగ్గును.

ముక్కలైన పొర ఏమగును?

ఎండకు పొర పొడియైనది కదా, ఇక మట్టిలో కలిసిపోవునని చాలమంది తలంపు. ఇది పొరపాటు. ఆకు, పేడ మట్టిలో కలియుటకు కారణము సూక్ష్మజీవులు వానిని తినుటయే. పాలిథీను గొలుసు మిక్కిలి పొడవైనది. అది చాల చిన్న తునకలుగా తెగినగాని సూక్ష్మజీవులు దానిని తినజాలవు. పొరను తెంచునది ఎండ. పొర ముక్కలై మట్టిలో పూడుకొనిన వెంటనే ఎండ తగులుట మానును. తెగుటయు దాదాపు నిలిచిపోవును. పని సగములోనే ఆగును. ఆ ముక్కలు ఏండ్ల తరబడి మట్టిలో నిలిచియుండును.

మల్చింగు పొర పరచిన మడిని చూచిన ఇది స్పష్టమగును. ఎండ తగిలిన నడిమి భాగము పెళుసుబారి ముక్కలగును. మట్టిలో పూడ్చిన అంచులు మాత్రము కొత్తవాని వలె గట్టిగా నుండును. తరువాత దుక్కి దున్నినప్పుడు ముక్కలు మట్టిలో కలిసిపోవును. నీరు ఇంకుటకును, వేళ్లు పారుటకును అవి అడ్డుపడును. గట్లపై ఎగిరి పడిన ముక్కలను పశువులు మేతతోపాటు మ్రింగును.

చైనా దేశపు అనుభవము ఇందుకు గొప్ప పాఠము. ఆ దేశమునకు మల్చింగు పద్ధతి జపానునుండి 1978 ప్రాంతమున వచ్చినది. నీటి ఎద్దడి గల షిన్‌జియాంగ్ ప్రాంతమున పత్తి దిగుబడి దానివలన బాగుగా పెరిగినది. కాని అచట మిక్కిలి పలుచని పొరలు వాడిరి. పంట తీయు నాటికి అవి చేతికి చిక్కక చినిగిపోయెడివి. ఏటేటను ముక్కలు పేరుకొని ఆ పొలములకు గొప్ప బెడదయైనది. దానికి తెల్లని కాలుష్యమని పేరు పెట్టిరి. 2017లో ఆ ప్రభుత్వము ప్రమాణమును సవరించి, కనీస మందమును 8 మైక్రానులనుండి 10 మైక్రానులకు పెంచినది. పంట పిదప పొరను చినుగకుండ ఎత్తుటకు వీలు కల్పించుట అందలి ఒక ఉద్దేశము. మన రైతులు సాధారణముగా వాడు మల్చింగు పొర 25 నుండి 30 మైక్రానుల మందము గలది. కావున మన పొరను ఎత్తుట అంతకంటె సులభము. అయితే కాలము మించకముందే ఎత్తవలెను.

"ఎండకు తానే కరగిపోవు ప్లాస్టిక్" అని చెప్పి అమ్మువారి మాట యందు జాగ్రత్త వహింపవలెను. త్వరగా విరుగుటకై మందు కలిపిన అట్టి ప్లాస్టిక్ వస్తువుల అమ్మకమును ఐరోపా సమాజము 2019లో చేసిన శాసనముచే 2021 జూలై నుండి నిషేధించినది. విరుగుట వేరు, మట్టిలో కలియుట వేరు. సూక్ష్మజీవులు తినదగినట్లు వేరు పదార్థములతో చేసిన మల్చింగు పొరలు కలవు. వాని ధర హెచ్చు. వానిని వీనిని ఒకటిగా తలపరాదు.

పంచాయతీలు చేయదగినవి

2016 ప్లాస్టిక్ వ్యర్థముల నిర్వహణ నియమములు గ్రామ పంచాయతీలకును వర్తించును. తమ పరిధిలో ప్లాస్టిక్ వ్యర్థమును సేకరింపజేయుటయు, దానిని బహిరంగముగా తగులబెట్టకుండ చూచుటయు పంచాయతీల బాధ్యత. ఈ బాధ్యతను సులభముగా నెరవేర్చుటకు ఈ క్రింది సూచనలు ఉపకరించును.

1. కొనునప్పుడు ధరను మాత్రమే చూడరాదు. రక్షక మందు కలదా, మందము ఎన్ని మైక్రానులు, ఎన్ని ఏండ్ల హామీ అని అడిగి, ఆ వివరములను రసీదుపై వ్రాయించుకొనవలెను. భారతీయ ప్రమాణముల సంస్థ టార్పాలిన్లకు ఐ.ఎస్. 7903, కుంటల పొరలకు ఐ.ఎస్. 15351, పాలీహౌసు పొరలకు ఐ.ఎస్. 15827 అను ప్రమాణములను నిర్ణయించినది. పంచాయతీ తరఫున కొనునప్పుడు ఈ సంఖ్యలను పేర్కొనుట మంచిది.

2. పని లేనప్పుడు పట్టలను మట్టి దులిపి మడిచి నీడలో ఉంచవలెను. కల్లములో పరచి మరచిన పట్ట ప్రతి దినమును కొంత ఆయువును కోల్పోవును.

3. ఏడాదికి ఒకసారి పొరను పరీక్షింపవలెను. ఎండ తగిలిన చోటనుండి ఒక వ్రేలి వెడల్పు పేలికను, మట్టిలోనో మడతలోనో దాగిన చోటనుండి అంతే పేలికను కత్తిరించి రెంటిని లాగి చూడవలెను. దాగిన పేలిక సాగి, ఎండ తగిలినది సాగక తటాలున తెగినచో తాళ్లు తెగినవని గ్రహింపవలెను. పొరను అప్పుడే తీసివేయవలెను. ప్రయోగశాలలలో కూడ పొర ఆయువును ఈ సాగు గుణమును బట్టియే నిర్ణయింతురు. సాగు గుణము సగమునకు తగ్గినచో దాని ఆయువు తీరినట్లు లెక్క. నేత టార్పాలిన్లకు సాగు గుణము తక్కువ గనుక, వానిని మడిచి నలిపి చూడవలెను. మడత వెంబడి చిట్లినను, పొడి రాలినను అవి చెడినట్లే.

4. సేద్యపు కుంటలో నీటి మట్టమునకు పైన ఎండకు తగులు అంచు మొదట చెడును. నీటి క్రింద, ఒండ్రు క్రింద నున్న భాగము చిరకాలము నిలుచును. పై అంచును గట్టుపై కాలువ త్రవ్వి పూడ్చి, బయటపడు భాగమును వీలైనంతవరకు మట్టితోనో రాతి పరపుతోనో కప్పినచో కుంట ఆయువు పెరుగును.

5. మల్చింగు పొరను చివరి కోత ముగిసిన వారములోనే ఎత్తవలెను. పొర ఇంకను సాగు స్థితిలో నున్నప్పుడు ఇద్దరు కూలీలు ఒక చివరనుండి చుట్టుకొని పోవచ్చును. పెళుసుబారిన పిదప ముక్క ముక్కను ఏరవలెను. గోటితో పోవుదానికి గొడ్డలి ఎత్తుకొనుట ఎందులకు?

6. ఎత్తిన పొరను పొలము గట్టున పారవేయక మట్టి దులిపి చుట్టలుగా కట్టి, గ్రామములోని చెత్తనుండి సంపద తయారీ కేంద్రమునకు చేర్చవలెను. మిక్కిలి చెడిన పొర మరల కరగించుటకు అంతగా పనికిరాదు. కొంత బలము మిగిలియున్నప్పుడే చేర్చిన పొరకు విలువ కలదు. ఈ దృష్టితో చూచినను సకాలమున ఎత్తుటయే లాభము.

ఈ సూచనలలో డబ్బు ఖర్చగునవి తక్కువ. సమయము తప్పక చేయవలసినవి ఎక్కువ. పంట కోతల కాలము ముగియునప్పుడు ఒక గ్రామసభలో ఈ విషయమును చర్చించి, పొర ఎత్తుటకు ఒక వారమును నిర్ణయించి, ఆ వారమున చుట్టలను చేరవేయుటకు ఒక బండిని పంచాయతీ ఏర్పాటు చేసిన చాలును. ఒక్కొక్క రైతు విడివిడిగా చేయుటకు బద్ధకించు పనిని ఊరు కలిసి సులభముగా చేయగలదు.

ఎండను మనము ఆపలేము. మన పంటలకు ప్రాణము పోయునదియు అదే. ఆ ఎండలో పొర ఎన్నాళ్లు నిలుచునో తెలిసి కొనుటయు, దాని బలము తీరకముందే పొలమునుండి తీయుటయు మన చేతిలోని పనులు. మన తాతలు మనకు ప్లాస్టిక్ ముక్కలు లేని మట్టిని ఇచ్చిరి. దానిని అట్లే మన బిడ్డలకు అప్పగించుటకు పంచాయతీ సభ్యులు పూనుకొందురని ఆశించుచున్నాము.